బొమ్మ ఇంజిన్‌కి ఎంత మసి?

2003 మార్చి నెలాఖరు దాకా వాల్తేరు డివిజన్‌లో ఉద్యోగం చేసినవాళ్ళకి గార్డెన్ రీచ్ అంటే కలకత్తాలో ఒక పేట అని తర్వాత తెలుస్తుంది. ముందు తెలిసేది అది పెద్దాఫీసు అని. బదిలీ కాగితమైనా, ప్రమోషన్ లిస్టయినా అక్కడినుంచే దిగాలి. 1887లో కంపెనీగా పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడే కొలువు తీరింది. 1944లో ఆ కంపెనీని ప్రభుత్వం తీసుకుంది. 1955 ఆగస్టు 1 నుంచి అదే ఆగ్నేయ రైల్వే అయింది. పేరు మారినా కచేరీ మారలేదు. పలాస, విజయనగరం వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ 'బియ్యెన్నార్' అనే అంటారు. హుగ్లీ ఒడ్డున, అవతలి గట్టు మీది శివపూర్ బొటానికల్ గార్డెన్‌కి ఎదురుగా, ఓడల కర్మాగారానికీ మెటియాబుర్జ్ దర్జీల వీధులకీ దగ్గరలో ఉన్న ఆ ఆఫీసులో ఇంజిన్లకు మసి పట్టదు, కాగితాలకు దుమ్ము పడుతుంది. కాకపోతే ఏ ఇంజిన్ ఎన్నాళ్ళు తిరగాలి, ఎప్పుడు వర్క్‌షాప్‌కి వెళ్ళి కొత్త రంగు వేయించుకోవాలి అనే లెక్కలకు పైకప్పు ఆ కచేరీయే.

బొమ్మ ఇంజిన్లకు మురికి పట్టించే విద్యని సమీక్షించడానికి గార్డెన్ రీచ్ నుంచి మొదలుపెట్టడం అందుకే. ఆ విద్యని మోడల్ రైల్వే వాళ్ళు 'వెదరింగ్' అంటారు. తెలుగులో దానికి ఒక్క మాట లేదు. మసి, జిడ్డు, మడ్డి, తుప్పు, చార, పెచ్చు, పాచి, వెలిసిన రంగు అని ముక్కలుగా చెప్పుకోవాలి. ఇది లోపమని నేను అనుకోను. ఆ ముక్కలన్నీ వేరువేరు కారణాలతో, వేరువేరు చోట్ల పుడతాయి. అన్నిటినీ ఒకే మాట కింద కట్టడం వల్లే చాలా మోడళ్ళు ఒకే బురదలో ముంచి తీసినట్టు తయారవుతున్నాయి.

ఇంట్లో వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ఇంత డబ్బు పోసి కొన్నదానికి మురికి పూయడమేమిటి? మన బొమ్మల సంప్రదాయం కూడా ఆ అభ్యంతరం పక్షమే. ఏటికొప్పాక లక్కబొమ్మ నిగనిగలాడాలి. కొండపల్లి బొమ్మల్లో చేలో దిగిన రైతు పంచె మీద కూడా మట్టి ఉండదు. పనిముట్టుని దసరాకి కడిగి బొట్టు పెట్టే జాతి మనది. మరక పడ్డ ఇంజిన్ అందంగా ఉందంటే నమ్మించడం కష్టం. మోడల్ వేరు, బొమ్మ వేరు అని వాదించడం కంటే నాకు ఇంకో జవాబు నచ్చుతుంది: మరక పని చేసిన గుర్తు. లక్కబొమ్మ ఎక్కడికీ వెళ్ళిరాలేదు కాబట్టి నిగనిగలాడుతుంది. ఇంజిన్ బచేలీ ఇనుప గనుల దాకా వెళ్ళొచ్చింది.

ఈ విద్యకి గురుపరంపర విదేశాల్లో ఉంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ అలెన్ అనే ఆయన రెండో ప్రపంచయుద్ధం తర్వాత కట్టుకున్న గోర్ అండ్ డఫెటిడ్ అనే ఊహా రైల్వేలో ఇళ్ళూ ఇంజిన్లూ వాడి పాతబడ్డట్టు కనిపించేవి. మెరిసే బొమ్మ రైళ్ళ కాలంలో అది తిరుగుబాటే. 1973 జనవరిలో ఆయన పోయాడు, కొద్దిరోజులకే ఆ రైల్వే మంటల్లో కాలిపోయింది, ఫొటోలు మాత్రం రెండు తరాలకి పాఠాలయ్యాయి. ఇంగ్లండులో జాన్ అహెర్న్ కట్టిన మాడర్ వ్యాలీ అనే మోడల్ రైల్వే ఇప్పుడు పెండన్ మ్యూజియంలో ఉంది. 1990లలో మార్టిన్ వెల్చ్ 'ది ఆర్ట్ ఆఫ్ వెదరింగ్' రాశాక అక్కడ ఇది పాఠ్యాంశంలా స్థిరపడింది. ఆ తర్వాత యుద్ధ ట్యాంకుల మోడళ్ళు చేసేవాళ్ళ దగ్గరినుంచి నూనెరంగుల చారలు, ఉప్పు వేసి పెచ్చులు లేపే చిట్కా, హెయిర్ స్ప్రే చిట్కా వచ్చి చేరాయి. అవి రైలు ఇంజిన్ మీద పడ్డాక లాభం ఎంత జరిగిందో నష్టమూ అంతే జరిగిందని నా అభిప్రాయం. ట్యాంకు రెండేళ్ళు బురదలో దొర్లుతుంది, దాని పెయింటు పెచ్చులూడితే పట్టించుకునేవాడు ఉండడు. ఇంజిన్‌కి షెడ్ ఉంది, ఫోర్‌మన్ ఉన్నాడు, తేదీ తప్పని రిపేరు ఉంది. ట్యాంకుల పుస్తకం చదివి ఇంజిన్‌కి రంగు వేసినవాడు తుప్పు ఎక్కువ వేస్తాడు. నేనూ వేశాను. నా మొదటి డీజిల్ ఇంజిన్ చెరువులోంచి తీసిన బిందెలా తయారైంది.

ఇక మనకి ఆధారాలేమిటి అనే ప్రశ్న. అసలు ఇంజిన్ చూసి చెయ్యాలి, లేదా ఫొటో చూసి చెయ్యాలి. రెండిట్లోనూ మోసం ఉంది. మ్యూజియంలోనూ స్టేషన్ల ముందు దిమ్మెల మీదా నిలబెట్టిన ఇంజిన్లకి ఏటా ఎనామిల్ కొడతారు. నల్లటి నలుపు, ఎర్రటి ఎరుపు, ఇత్తడి తళతళ. పనిలో ఉన్న రోజుల్లో ఏ ఇంజినూ అంత నున్నగా లేదు. బి.ఎన్.ఆర్. వాళ్ళు 1929 నుంచి మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ నుంచి తెప్పించిన ఎన్ క్లాస్ గ్యారట్లనే తీసుకోండి. మధ్యలో బాయిలరు, ముందూ వెనకా చెరొక చక్రాల బండి, 200 టన్నులకు పైబడిన బరువు. బొగ్గూ ఇనుప ఖనిజమూ లాగడానికి తెచ్చినవి. ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో ఉన్నదాన్ని చూసి రంగు కలిపితే పెళ్ళికొడుకు తయారవుతాడు, కూలివాడు కాదు.

ఫొటోల మోసం మరీ సున్నితమైనది. మన ఆవిరి ఇంజిన్ల రంగు ఫొటోలు చాలావరకు 1970, 80లలో విదేశీ రైలుప్రియులు వచ్చి తీసినవి. అప్పటికి ఆవిరి పోయే దారిలో ఉంది. తుడవడానికి మనుషులు తగ్గారు, పోయే ఇంజిన్‌కి రంగు దండగ అనుకునే రోజులు. బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండి 1995 డిసెంబరులో ఆగిపోయింది. ఆ చివరి కాలపు ఫొటోలు చూసి 1950ల డబ్ల్యు.పి. ఇంజిన్‌కి రంగు వేయడమంటే, తాతగారి పెళ్ళి ఫొటోకి ఆయన ఆఖరి రోజుల ముడతలు దిద్దినట్టే. బ్రిటన్ మోడలర్లదీ ఇదే జబ్బు. వాళ్ళకి 1960లలో చావుకి సిద్ధమైన మసి ఇంజిన్లే గుర్తు. మురికి ఎంత అన్నది ఇంజిన్ స్వభావం కాదు, అది ఆ ఏడాది షెడ్‌లో ఎంతమంది కూలీలున్నారన్న లెక్క. 1928లో బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెకి నాయకత్వం వహించిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి కావడం అందరికీ తెలుసు. ఖరగ్‌పూర్‌లో అన్ని తెలుగు ఇళ్ళు ఎందుకున్నాయో కూడా ఆ చరిత్రలోనే ఉంది: వర్క్‌షాప్ పనికీ షెడ్ పనికీ శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి జనం వెళ్ళారు. ఇంజిన్ మీద మసి తుడిచిన పాతగుడ్డ వాళ్ళ చేతిలోనే ఉండేది.

ఇప్పుడు అసలు విషయానికి. ఏ మురికి ఎక్కడినుంచి వస్తుంది?

ఆవిరి ఇంజిన్ మీద తుప్పు కంటే తెలుపు ముఖ్యం. ఇది కొత్తవాళ్ళకి తట్టదు. బాయిలరు నీళ్ళలో సున్నం ఉంటుంది. వాల్వు దగ్గరో అతుకు దగ్గరో కారిన నీరు వేడికి ఆరిపోయి తెల్లటి చారగా మిగిలిపోతుంది. బావినీళ్ళ కాగు అంచున కట్టే తెల్లపొర చూసినవాళ్ళకి వేరే పాఠం అక్కర్లేదు. బాయిలరు ముందుండే స్మోక్‌బాక్స్ మీద రంగు వేడికి కాలి బూడిదకి తిరుగుతుంది, తలుపు అడుగున బూడిద రాలిన చోట తుప్పు పడుతుంది. చక్రాల్ని తిప్పే కడ్డీల మీద తుప్పు ఉండదు. అక్కడ నూనె ఉంటుంది, నూనె మీద దుమ్ము పడి నల్లటి మడ్డి అవుతుంది. టెండరు పైన బొగ్గుపొడి, నీళ్ళు పట్టే మూత చుట్టూ పొంగిన మరక. మసికి మెరుపు లేదు, నూనెకి ఉంది. రెండూ నలుపే కానీ వెలుగు పడితే వేరువేరుగా పలుకుతాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం విద్య వచ్చినట్టే.

డీజిల్‌కి వస్తే మన ఊళ్ళ ఇంజిన్ డబ్ల్యు.డి.ఎం.-2. అమెరికాలోని ఆల్కో నమూనా, 1964 నుంచి వారణాసిలో తయారైంది. ఆల్కో ఇంజిన్ త్రాటిల్ పెంచగానే గుప్పున నల్లపొగ కక్కేది. ఇంధనం ముందే పెరిగి, గాలి తోసే టర్బో తిరుగుడు అందుకోవడానికి కాసేపు పట్టడం దానికి కారణం. ఆ పొగ పైకి పోయి, బండి కదిలే వేగానికి వెనక్కి వంగి కప్పు మీద పడుతుంది. కాబట్టి పొగగొట్టం చుట్టూ వలయంలా నలుపు పూయకూడదు, తోకలా సాగదీయాలి. ఇంజిన్ రెండు వైపులా నడుస్తుంది గనక తోకలు కూడా రెండు వైపులకీ ఉంటాయి. ఇంజిన్ గది తలుపుల అడుగున కందెన నూనె చెమర్చి కిందికి జారుతుంది. డీజిల్ పోసే మూత కింద జిడ్డు మెరుపు. ఇసుకగొట్టాల దగ్గర చక్రాల చుట్టూ లేత బూడిద.

విద్యుత్ ఇంజిన్ గురించి రాసేవాళ్ళు తక్కువ, అక్కడే మనకి ఎక్కువ అవసరం. దేశంలో 25 కిలోవోల్టుల ఏ.సి. విద్యుత్తుతో రైలు నడపడం 1959-60లో ఆగ్నేయ రైల్వేలోనే, రాజ్‌ఖర్సావాఁ - డంగోవాపోసి మధ్య మొదలైంది. అది ఇనుప ఖనిజపు దారి. తర్వాత మన వైపు కొత్తవలస - కిరండూల్ లైను. బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960లలో కొండలు తొలిచి వేసింది. దారిలో శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. ఈ లైను మీద డబ్ల్యు.ఎ.జి.-5 ఇంజిన్లు జట్టుగా కట్టి నడిచాయి. 1988 ప్రాంతంలో స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ కొద్దిగా వచ్చిన డబ్ల్యు.ఎ.జి.-6లకి విశాఖ షెడ్డే ఇల్లు. వీటి మీది ఎరుపు తుప్పు కాదు, ఖనిజం ధూళి. పుస్తకం చూసి తుప్పురంగు సీసా తెరిచినవాళ్ళు ఇక్కడే తప్పుతారు. కొత్త తుప్పు నారింజకి దగ్గర. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఎర్రమట్టి కావిరంగు. ఖనిజపు ధూళి ఆ రెండూ కాదు, ఎండిన కుంకుడుకాయ తొక్క రంగులో, నీడలో కాస్త ఊదాకి తిరిగి ఉంటుంది. అది బండి పక్కల్ని సమంగా కప్పుతుంది, మీద వాన పడ్డప్పుడు మేకుల తలల కిందా తలుపు అంచుల కిందా చారలుగా విడిపోతుంది. వంపుల్లో, గ్రిల్ చీలికల్లో మిగిలిపోతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకులు రాసుకుని రాలే పొడి దీనికి తోడు. పోతయినుము బ్రేకు దిమ్మెల కాలంలో ఆ పొడి తుప్పెరుపు, కాంపోజిట్ దిమ్మెలు వచ్చాక బూడిద కలిసిన నలుపు. అంటే చక్రాల దగ్గరి రంగు చూసి మోడల్ ఏ దశాబ్దానిదో చెప్పగలగాలి. అలా చెప్పించే మోడల్ నేను చూసినవాటిలో బహు తక్కువ.

విద్యుత్ ఇంజిన్‌లో ఇంకో చిక్కు ఉంది. రోడ్డు మీదినుంచీ ప్లాట్‌ఫాం మీదినుంచీ కప్పు కనబడదు. టేబుల్ మీది మోడల్‌లో మొట్టమొదట కనిపించేది కప్పే, మనం పైనుంచి చూస్తాం కాబట్టి. అందుకని ప్లాట్‌ఫాం ఫొటోలు వంద ఉన్నా చాలవు. సాంత్రాగాఛీలోనో దువ్వాడలోనో పాదచారుల వంతెన మీద అరగంట నిలబడితే తెలిసేది ఎక్కువ. పై తీగనుంచి విద్యుత్తు అందుకునే పాంటోగ్రాఫ్ రాపిడికి రాలిన పొడి కప్పంతా నల్లగోధుమగా పరుచుకుని ఉంటుంది. దాని మధ్య పింగాణీ ఇన్సులేటర్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి. వాటి మీద మురికి పేరుకుంటే, అందులోనూ సముద్రపు ఉప్పుతేమ చేరితే, విద్యుత్తు వాటి పైనుంచే దూకేస్తుంది. అందుకే వాటిని తుడుస్తారు. మోడల్ మీద ఇన్సులేటర్లకి కూడా మసి పూసినవాడికి రంగు తెలుసు, రైలు తెలియదు.

శుభ్రంగా ఉండే చోట్లు వెతకడమే ఈ విద్యలో ఎక్కువ రుచి. డ్రైవరు ఎదురుటద్దం మీద వైపర్ తిరిగిన మేర విసనకర్ర ఆకారంలో అద్దం మెరవాలి. ఎక్కే మెట్ల పక్క కడ్డీలు చేతులు పట్టీ పట్టీ నున్నబడాలి. మెట్టు మధ్యలో చెప్పులు రాసుకుని రంగు పోవాలి, అంచుల్లో ఉండాలి. ఇంజిన్ నంబరు మీద ఎవరో తడిగుడ్డ ఒకసారి తిప్పినట్టుండాలి. షెడ్‌లో నంబరు కనబడకపోతే పని జరగదు మరి.

దీనికంతటికీ తాళంచెవి తేదీ. మన పెట్టెల మీదా వ్యాగన్ల మీదా వర్క్‌షాప్ పేరుతో, పి.ఓ.హెచ్. జరిగిన తేదీ తెల్లరంగుతో రాసి ఉంటుంది. పి.ఓ.హెచ్. అంటే కొన్నేళ్ళకోసారి పూర్తిగా విప్పి బాగుచేసి రంగు వేసి పంపడం. ఇంజిన్లకీ ఆ వంతు ఉంది, ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ చేసే ముఖ్యమైన పనుల్లో అదొకటి. కాబట్టి మోడల్‌కి రంగు పట్టుకునే ముందు నిర్ణయించుకోవలసింది 'ఎంత మురికి' అని కాదు, పి.ఓ.హెచ్. అయి ఎన్నాళ్ళయింది అని. మూడు నెలలయితే చక్రాల దగ్గరే మరక, పైన రంగు మెరుపు తగ్గలేదు. ఏడాదిన్నర, అందులో ఒక వానాకాలం అయితే చారలు వచ్చాయి, కప్పు నల్లబడింది. వంతు దగ్గర పడితే ఎండకి రంగు వెలిసి, ఎరుపు గులాబీకి తిరిగి, ఎక్కడో ఒకటి రెండు చోట్ల మాత్రం పెచ్చు. ఒకే టేబుల్ మీద అయిదు ఇంజిన్లుంటే అయిదింటికీ వేరు తేదీలుండాలి. అన్నిటికీ ఒకే మోతాదు వేస్తే అన్నీ ఒకే రోజు పుట్టిన కవలల్లా కనిపిస్తాయి.

కొలతల లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. ఎక్కువమంది వాడే హెచ్.ఓ. స్కేలు 1:87. మోడల్ మీద ఒక్క మిల్లీమీటరు పెచ్చు అసలు ఇంజిన్ మీద 87 మిల్లీమీటర్లు, అరచేయి వెడల్పు. మూడు మిల్లీమీటర్ల తుప్పుమచ్చ వేస్తే అసలులో పావు మీటరు గుంట పడినట్టు. మోడల్‌ని అర మీటరు దూరంనుంచి చూడటమంటే అసలు ఇంజిన్‌ని 43 మీటర్ల అవతలినుంచి చూడటం. అంత దూరంనుంచి పెచ్చులు కనబడవు. కనిపించేది రంగు మొత్తంగా వెలిసిందా లేదా, పైనుంచి కిందికి ఎలా మారింది, మెరుపు ఎక్కడుంది అన్నవే. మధ్యలో గాలి ఉంది గనక నలుపు కూడా నల్లగా కనబడదు. సీసాలోని నలుపు నేరుగా ఎప్పుడూ వాడొద్దని అనుభవం ఉన్నవాళ్ళంతా చెప్పేది ఇందుకే. పట్టాల వెడల్పు గొడవ వేరే ఉంది. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి ఆ స్కేల్లో 19 మిల్లీమీటర్లు దాటాలి, బజారులో దొరికే పట్టా 16.5. దాన్ని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు తుప్పు ఛాయ గురించి రాత్రంతా తర్కిస్తారు. నేనూ ఆ గుంపులోవాణ్ణే.

సామాను గురించి క్లుప్తంగా. ఎయిర్‌బ్రష్ ఉంటే పలచటి పొరలు సుళువు, లేకపోయినా పని ఆగదు. ముందు మెరుపు లేని వార్నిష్ ఒక పూత వేస్తే పొడిరంగులు పట్టుకుంటాయి. అదే చీలికల్లోకి పలచని రంగు పారించాలంటే మెరుపు వార్నిష్ కావాలి. నూనెరంగులు బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెనా, రా అంబర్ అని మూడు ట్యూబులు చాలు. చుక్క పెట్టి, టర్పంటైన్ తడిపిన కుంచెతో కిందికి లాగితే చార. పాస్టెల్ సుద్దల్ని గరుకు కాగితం మీద గీసి పొడి చేసుకోవచ్చు. కిరసనాయిలు వాడితే జిడ్డు ఒక పట్టాన ఆరదు. గోళ్ళరంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. పట్టాల పక్కనుంచి నిజం ఎర్రదుమ్ము పొట్లం కట్టి తెచ్చుకునే ఉబలాటం అందరికీ ఉంటుంది. వద్దు. అందులో ఒక్కో రేణువు మోడల్ మీద గులకరాయి అవుతుంది, ఇనుప రజను ఉంటే మోటారులోని అయస్కాంతం లాక్కుని మింగేస్తుంది. బాడీ విప్పి, చక్రాలకి కరెంటు అందించే రేకుల్ని దాచి, అప్పుడే పని మొదలుపెట్టాలి.

కలకత్తాలోనూ విశాఖలోనూ ఉన్నవాళ్ళకి పరదేశపు పుస్తకాలు చెప్పని ఇబ్బంది ఒకటి ఉంది. వానాకాలం. గాలిలో తేమ నిండుగా ఉన్న రోజున డబ్బా వార్నిష్ కొడితే పూత తెల్లగా మంచు కప్పినట్టు పొగబారుతుంది. నెల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది. నాకు ఒక శ్రావణమాసం అలాగే పోయింది. జూన్ నుంచి అక్టోబరు దాకా కుంచెపనీ పొడిపనీ చేసుకుని, వార్నిష్ శీతాకాలపు మధ్యాహ్నాలకి దాచుకోవడం మేలు. పొడి మీద వార్నిష్ పడితే రంగు ఒక మెట్టు ముదురుతుంది. కాబట్టి కావలసినదాని కంటే లేతగా ఆపాలి.

కంపెనీలే మురికి పూసి అమ్మే ఇంజిన్ల మీద పెద్ద చర్చ అక్కర్లేదు. కింది భాగానికి గోధుమబూడిద ఒక్క చిమ్ము, అంతే. పూసిన ఇంజిన్‌కి మళ్ళీ అమ్మితే ధర రాదనే వాదన మాత్రం నిజమే. అమ్ముకోవడానికి కొన్నవాళ్ళు పెట్టె విప్పకుండా ఉంచుకోవచ్చు.

ఎక్కడా పరిష్కారం దొరకని ఒక సందేహం ఉంది. సెప్టెంబరు 17న బెంగాల్లో విశ్వకర్మ పూజ. ఆ రోజు కలకత్తా ఆకాశంలో గాలిపటాలు, షెడ్లలో, వర్క్‌షాపుల్లో కడిగిన ఇంజిన్లకి బంతిపూల దండలు, నుదుట సిందూరం. మన వైపు అదే ముచ్చట దసరాకి. మర్నాడు బండి డ్యూటీకి పోతుంది. వానలింకా వెళ్ళలేదు. బొట్టు మొదటి జల్లుకే కిందికి జారి హెడ్‌లైటు పక్కన ఎర్రటి చార అవుతుంది. దండ రాలిపోయి, దారం మాత్రం కడ్డీకి ముడిపడి ఉంటుంది. హెచ్.ఓ. స్కేల్లో ఆ దారానికి వెంట్రుక కూడా లావే. ఆ చారకి ఖనిజపు ఎరుపు పనికిరాదు, తుప్పెరుపు పనికిరాదు. కుంకుమ ఎరుపు కలిపి, నీళ్ళలో సగం పోయినట్టు తుడవాలి. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ ఇంజిన్‌కి దెబ్బ తగిలినట్టు కనిపించింది.